ఒళ్ళు తేలికైంది, మెట్లెక్కితే ఆయాసం

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. ఏడు నెలల కిందట ఒక జంతువును కోయడం కళ్ళారా చూశాను. ఆ రోజు నుంచి మాంసం ముద్ద గొంతు దిగలేదు. చేపలు కూడా మానేశాను. పాలు, పెరుగు తీసుకుంటాను, గుడ్డు ఎప్పుడైనా ఒకటి. మొదటి పది రోజులు కడుపు ఉబ్బరంతో ఇబ్బంది పడ్డాను, తర్వాత సర్దుకుంది. రెండో నెలకల్లా ఒళ్ళు తేలికైంది. తిన్నాక వచ్చే మత్తు పోయింది, మూడు కిలోలు తగ్గాను, కోపం బాగా తగ్గింది. మనసులో ఏదో బరువు దిగినట్టుంది. కానీ గత రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. దువ్వెన నిండా జుట్టు. మధ్యాహ్నమైతే తలనొప్పి. ఏదో చెప్పబోయి మాట మర్చిపోతున్నాను. నెలసరిలో నాకు ముందునుంచీ రక్తం ఎక్కువే పోతుంది. భోజనం చేయగానే టీ పడకపోతే ఏమీ తోచదు. "ఒంట్లో ఉన్న విషాలు బయటికి పోతున్నాయి, ఓపిక పట్టు" అంటుంది నా స్నేహితురాలు. "అంతా నీ భ్రమ. మళ్ళీ మాంసం మొదలుపెట్టు, మూడు రోజుల్లో లేచి తిరుగుతావు" అంటారు మా వారు. నేను గమనిస్తున్న మార్పులు నిజమేనా? ఎవరి మాట వినాలి? ఇప్పుడైతే మాంసం వాసనకే కడుపులో తిప్పుతోంది. కొన్నాళ్ళు మానేస్తే ఆ తర్వాత తిన్నా అరగదని కూడా అంటున్నారు. అది నిజమా?

జవాబు: అమ్మా, ముందుగా ఒక పని చెబుతాను. మిగతాదంతా తీరిగ్గా చదవొచ్చు. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళి రక్త పరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ ఒక్కటే చూపించుకుని "బాగానే ఉంది" అనిపించుకుని వచ్చేయకండి. ఒంట్లో ఇనుము నిల్వను చూపించే ఫెర్రిటిన్, బి12 విటమిన్, థైరాయిడ్ కూడా చూడమని అడగండి. ఉత్తరం చదివి జబ్బు తేల్చడం ఎవరి వల్లా కాదు. కానీ ఆయాసం, జుట్టు ఊడటం, తలనొప్పి, మతిమరుపు, వాటికి తోడు నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, ఇన్నీ ఒక్క మనిషిలో కనిపిస్తే ఎవరికైనా మొదట వచ్చే అనుమానం ఇనుము తగ్గిందని. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా వారం దాకా ఆగకండి, ఆ రోజే వెళ్ళండి.

ఇక మీ ప్రశ్న. మీరు గమనించిన మార్పులు నిజమైనవే. మంచివీ నిజమే, చెడ్డవీ నిజమే. అయితే అవన్నీ ఒకే కారణంతో వచ్చినవి కావు, ఒకే వేగంతో వచ్చేవీ కావు. మాంసం మానేస్తే పేగులకు కబురు రోజుల్లో అందుతుంది. రక్తంలోని కొవ్వుకు వారాల్లో అందుతుంది. ఇనుము నిల్వలకు నెలలు పడుతుంది, బి12 నిల్వలకు ఏళ్ళు పడుతుంది. ఇందులో ఒక చిక్కుంది. మంచి మార్పులన్నీ ముందు వస్తాయి, లోటు మాత్రం ఆలస్యంగా బయటపడుతుంది. అందుకే మొదటి రెండు మూడు నెలలు ఎంతో హాయిగా గడిచాక మనిషి ధీమాగా ఉంటాడు. తర్వాత ఒంట్లో ఏదైనా తేడా వస్తే దాన్ని ఆహారంతో కలిపి ఆలోచించడు. మీరు కలిపి ఆలోచించారు, రాశారు. అది మంచి పని.

మొదటి పది రోజుల ఉబ్బరం సంగతి త్వరగా చెప్పేస్తాను. మాంసం స్థానంలో పప్పులు, శనగలు, చిక్కుళ్ళ లాంటివి ఒక్కసారిగా పెరుగుతాయి. వాటిలో ఉండే కొన్ని రకాల చక్కెరలను అరిగించే ఎంజైము మన చిన్నపేగులో లేదు. అవి అలాగే పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. తిండి మారితే ఆ బాక్టీరియా కూడా మారుతుంది, అదీ ఎంతో వేగంగా. 2014లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో కొద్దిమందికి ఐదేసి రోజులు ఒకసారి పూర్తిగా మాంసాహారం, ఇంకోసారి పూర్తిగా శాకాహారం పెట్టి చూశారు. ఆ కొద్ది రోజుల్లోనే పేగుల్లోని సూక్ష్మజీవుల లెక్క మారిపోయింది. కాబట్టి మీ కడుపు సర్దుకోవడం భ్రమ కాదు. విరేచనం సాఫీగా అవడం, తిన్నాక మత్తు తగ్గడం కూడా అంతే. పీచు పెరిగింది, కొవ్వు తగ్గింది, భోజనం త్వరగా కడుపు దాటుతోంది.

రక్తంలో చెడు కొలెస్ట్రాల్ కూడా ఈపాటికి తగ్గే ఉంటుంది, పరీక్షలో చూసుకోండి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 22 జతల కవలల మీద ఒక అధ్యయనం చేశారు. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి మాంసం, పాలు, గుడ్లు ఏవీ లేని ఆహారం, ఇంకొకరికి మాంసం కూడా ఉన్న మంచి ఆహారం ఎనిమిది వారాలు ఇచ్చారు. 2023లో ఫలితాలు వెలువడ్డాయి. మొదటివారిలో చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా తగ్గింది, బరువూ కొంత ఎక్కువ తగ్గింది. ఇద్దరి జన్యువులూ ఒకటే కాబట్టి ఆ తేడా తిండి వల్ల వచ్చిందని గట్టిగానే చెప్పవచ్చు. మీరు తగ్గిన మూడు కిలోలూ ఆ కోవలోవే కావచ్చు.

ఇనుము దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే మీ కష్టమంతా ఇక్కడే ఉందని నా అనుమానం.

మాంసంలోని ఇనుములో కొంత భాగం హీమ్ అనే రూపంలో ఉంటుంది. అది రక్తంలోనూ కండలోనూ ఉండే రూపమే కాబట్టి మన పేగు దాన్ని సులువుగా పట్టుకుంటుంది. అందులో సుమారు 15 నుంచి 35 శాతం ఒంటపడుతుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో, గింజల్లో ఇనుము ఉన్నా అది వేరే రూపం. అందులో చాలాసార్లు పదో వంతు కూడా ఒంటపట్టదు. పట్టడం పట్టకపోవడం కూడా దానితోపాటు ఇంకేం తిన్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే శాకాహారులకు ఆహారంలో ఇనుము మాంసాహారులకన్నా 1.8 రెట్లు ఉండాలని అమెరికా పోషకాహార ప్రమాణాలు లెక్కగట్టాయి.

ఇప్పుడు మీ టీ సంగతి. టీలో ఉండే టానిన్లు ఈ రెండో రకం ఇనుమును పట్టి బంధిస్తాయి. భోజనంతోపాటు, లేదా భోజనం అవగానే తాగిన ఒక కప్పు టీ, ఆ భోజనంలోని ఇనుము ఒంటపట్టడాన్ని సగానికి పైగా తగ్గించగలదు. మీరు మాంసం తినే రోజుల్లో కూడా ఇలాగే తాగి ఉంటారు. అయితే హీమ్ ఇనుము మీద టీ ప్రభావం తక్కువ కాబట్టి అప్పుడు గడిచిపోయింది. ఇప్పుడు మీకున్నది ఒక్కటే రకం ఇనుము, దాన్నీ టీ పట్టుకుపోతోంది. టీ మానేయమని నేను అనను. భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట, వీలైతే రెండు గంటలు ఎడం ఉంచండి. కాఫీ అయినా అంతే. దీనికి విరుగుడు సి విటమిన్. నిమ్మ, ఉసిరి, జామ, బత్తాయి లాంటి పుల్లటి పండో కాయో, పచ్చిగా తినే టమాటోనో అదే భోజనంలో ఉంటే ఒంటపట్టే ఇనుము కొన్ని రెట్లు పెరుగుతుంది. తర్వాత ఎప్పుడో తింటే లాభం లేదు, అదే పూట తినాలి. గింజల్ని నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం కూడా ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లను తగ్గిస్తాయి.

ఇంకో మాట. మీకు నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం కొత్త కాదన్నారు. అంటే ఏళ్ళుగా మీ కుండకు చిల్లు ఉంది. ఇన్నాళ్ళూ మాంసం పైనుంచి పోస్తూ ఉండటం వల్ల ఆ చిల్లు కనబడలేదు. పోయడం ఆపాక నీటిమట్టం పడిపోయింది. తప్పంతా పోయడం ఆపడంలోనే ఉందని అనుకుంటే చిల్లు చిల్లుగానే ఉండిపోతుంది. అందుకని స్త్రీల వైద్యురాలికి ఈ విషయం విడిగా చూపించుకోండి. ఎక్కువ రక్తస్రావానికి కారణాలుంటాయి, వైద్యం ఉంటుంది. "నాకెప్పుడూ ఇంతే" అని ఎంతమంది ఆడవాళ్ళు దశాబ్దాలు నెట్టుకొస్తున్నారో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

హిమోగ్లోబిన్ ఒక్కటి చాలదని ఎందుకన్నానంటే, ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు ముందు ఖాళీ అయ్యేది నిల్వ. ఆ నిల్వను చూపించేది ఫెర్రిటిన్. అది అడుగంటాకే హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఈ రెండిటి మధ్య కాలంలో, అంటే రక్తం అంకెలో బాగానే ఉండి నిల్వ ఖాళీ అయిన రోజుల్లో కూడా నీరసం, జుట్టు ఊడటం, ఏకాగ్రత కుదరకపోవడం ఉండవచ్చు. గర్భంతో లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువైతే రక్తహీనత అని, ఫెర్రిటిన్ 15 కన్నా తక్కువైతే ఇనుము లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. 30 లోపు ఉన్నా పట్టించుకునే డాక్టర్లు చాలామంది ఉన్నారు. జ్వరం, వాపు లాంటివి ఉన్నప్పుడు ఫెర్రిటిన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి జలుబూ జ్వరం లేని రోజున రక్తం ఇవ్వండి. పరీక్ష కాకుండా ఇనుము మాత్రలు కొనుక్కుని మింగవద్దు. ఇనుము ఎక్కువైనా ప్రమాదమే, కారణం తెలియకుండా మాత్ర వేస్తే అసలు జబ్బు దాగిపోతుంది.

జుట్టు విషయంలో థైరాయిడ్ కూడా చూడమన్నది ఊరికే కాదు. మాంసం మానేశాక వచ్చే ప్రతి ఇబ్బందినీ మాంసం ఖాతాలోనే రాయడం అందరమూ చేసే పొరపాటు. నీరసం, జుట్టు ఊడటం, మతిమరుపు థైరాయిడ్ తగ్గినా వస్తాయి. పైగా చేపలు మానేస్తే అయోడిన్ అందే దారుల్లో ఒకటి మూసుకుపోతుంది. అయోడిన్ కలిపిన ఉప్పే వాడుతున్నారో లేదో చూసుకోండి. త్వరగా బరువు తగ్గినా రెండు మూడు నెలల తర్వాత జుట్టు రాలుతుంది, కారణం సరిదిద్దితే మళ్ళీ వస్తుంది. ఆ సంగతికి అంత భయపడకండి.

బి12 గురించి మాత్రం నేను మనసు పెట్టి చెబుతాను, ఎందుకంటే ఇది నాకు జరిగింది.

నేను మాంసం మానేసి 11 ఏళ్ళయింది. మొదటి మూడేళ్ళు మీరు రాసినంత హాయిగానే ఉన్నాను. నాలుగో ఏట రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళలో చీమలు పాకినట్టుండేది. రోజంతా నిలబడే పని కదా అనుకున్నాను. చూపించుకుంటే డాక్టరు కూడా అదే అన్నారు, నొప్పికి మాత్ర ఇచ్చారు. నేను ఏం తింటానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. తిమ్మిరి పాదాల నుంచి పిక్కలకు ఎక్కింది. చీకట్లో నడిస్తే అడుగు తూలేది. అప్పుడు ఇంకో చోట రక్తం చూస్తే బి12 దాదాపు అడుగంటింది. ఇంజెక్షన్లతో చాలావరకు తేరుకున్నాను. కానీ కాలి వేళ్ళ కొసల్లో మొద్దుబారడం ఇప్పటికీ ఉంది. నరం ఎక్కువకాలం ఆకలితో మాడితే పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అందుకే ఎవరు మాంసం మానేశానని చెప్పినా నా నోటి నుంచి వచ్చే మొదటి మాట బి12.

ఈ విటమిన్‌ను జంతువులూ తయారుచేయవు, మొక్కలూ తయారుచేయవు. కొన్ని బాక్టీరియాలు మాత్రమే చేస్తాయి. అది జంతువుల ఒంట్లో చేరుతుంది, వాటి మాంసం, పాలు, గుడ్ల ద్వారా మనకు అందుతుంది. మన కాలేయం దాన్ని కొన్నేళ్ళకు సరిపడా దాచుకుంటుంది. మానేసిన ఏడు నెలలకే బి12 లోటు సాధారణంగా బయటపడకపోవడానికి కారణం అదే. మీరు పాలు, పెరుగు తీసుకుంటున్నారు కాబట్టి కొంత అందుతూనే ఉంటుంది. కానీ అది సరిపోతుందో లేదో పరీక్షే చెప్పాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ గానీ, ఎసిడిటీకి రోజూ మాత్రలు గానీ వేసుకునేవారిలో బి12 ఒంటపట్టడం ఇంకా తగ్గుతుంది. స్పిరులినా లాంటి నాచుల్లో బి12 ఉందని అమ్ముతుంటారు. వాటిలో ఉండేది చాలావరకు మన ఒంటికి పనికిరాని రూపం. దాన్ని నమ్ముకోవద్దు.

ఒక పాత కథ ఇక్కడ అవసరం. ఒకప్పుడు కొందరికి ప్రాణం తీసే ఒక రక్తహీనత వచ్చేది, మందు లేదు. 1926లో బోస్టన్ డాక్టర్లు మైనాట్, మర్ఫీ రోగులకు రోజూ కాలేయం తినిపించి బతికించారు. ఆ కాలేయంలో పనిచేసిన పదార్థాన్ని ఎర్రటి స్ఫటికాలుగా విడదీసింది 1948లో. అదే బి12. అంతకు కొద్దిగా ముందు, 1940లలోనే, మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం ఫోలిక్ యాసిడ్ అనే ఇంకో విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. అది ఇస్తే ఈ రోగుల రక్తం బాగుపడేది, కానీ నరాల జబ్బు మాత్రం ముదురుతూనే ఉండేది. ఈ సంగతి ఇప్పటి శాకాహారులకు చాలా ముఖ్యం. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవారికి ఫోలేట్, అంటే ఫోలిక్ యాసిడ్ సహజ రూపం, పుష్కలంగా అందుతుంది. బి12 తగ్గినా రక్తం మామూలుగానే కనబడవచ్చు. లోపల నరాలు దెబ్బతింటుంటాయి. నాకు హిమోగ్లోబిన్ ఏనాడూ తగ్గలేదు.

పెద్దవారికి రోజుకు కావలసింది సుమారు 2.4 మైక్రోగ్రాములు. మాత్ర మీద 500 అనో 1000 అనో చూసి కంగారు పడకండి. మన కడుపు ఒక పూటకు ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములనే తన మామూలు దారిలో పట్టుకోగలదు. మిగతాదాంట్లో నూటికి ఒక పాలు మాత్రమే లోపలికి వెళుతుంది. అందుకే అంత పెద్ద మోతాదు. ఎంత, ఎన్నాళ్ళు అన్నది మీ రిపోర్టు చూసి డాక్టరు చెబుతారు. గర్భం కోసం ప్రయత్నించే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి, ఇనుము, బి12 రెండూ ముందుగానే సరిచేసుకోవాలి.

మీ స్నేహితురాలి మాటకు వద్దాం. ఆమె మీ మంచి కోరే అంటోంది, కానీ ఆ మాట ప్రమాదకరం. మాంసం విషంగా మారి ఏళ్ళ తరబడి ఒంట్లో పేరుకోదు. తిన్నది ఏదైనా ఒకటి నుంచి మూడు రోజుల్లో పేగులు దాటిపోతుంది, ఒంటపట్టిన వ్యర్థాలను కాలేయం, మూత్రపిండాలు ప్రతి నిమిషమూ తీసేస్తూనే ఉంటాయి. ఐదు నెలలు గడిచాక ఆయాసం రావడానికి "విషాలు పోవడం" కారణం కాలేదు. ఈ మాటలో ఉన్న అసలు హాని ఏమిటంటే, ఒళ్ళు సాయం కోసం పిలుస్తుంటే అది బాగుపడుతున్న గుర్తు అని నమ్మిస్తుంది. ఓపిక పట్టినకొద్దీ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టవుతుంది.

మీ వారి మాటలో సగం నిజం ఉంది. మీరు నీరసపడ్డారని ఆయన కనిపెట్టారు, అది సరైనదే. "భ్రమ" అన్నది తప్పు, "మూడు రోజులు" అన్నదీ తప్పు. మాత్రలతో వైద్యం చేసినా హిమోగ్లోబిన్ పెరగడం కనబడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, నిల్వలు నిండటానికి ఆ తర్వాత కూడా నెలలు పడుతుంది. మూడు రోజుల మాంసం ఆ లోటును తీర్చలేదు. ఆయనతో వాదించవద్దు. పరీక్షకు ఆయన్నే తోడు రమ్మనండి. డాక్టరు ముందు మీరు మాంసం మానేసిన సంగతి, నెలసరి సంగతి, టీ సంగతి మూడూ మీ నోటితోనే చెప్పండి. నేను చెప్పకుండా పోగొట్టుకున్న ఎనిమిది నెలలు మీరు పోగొట్టుకోకూడదు.

ఇప్పుడు మనసు. మీ ఉత్తరంలో నన్ను బాగా కదిలించింది "ఏదో బరువు దిగినట్టుంది" అన్న మాట.

సాత్వికాహారం తింటే మనసు సాత్వికమవుతుందని పెద్దలు చెబుతారు. శాస్త్రం వైపు నుంచి చూస్తే, మాంసం మానేయడం వల్లే మనసు ప్రశాంతంగా మారుతుందని తేలలేదు. శాకాహారుల్లో దిగులు ఎక్కువని కొన్ని అధ్యయనాలు, అలాంటిదేమీ లేదని కొన్ని అధ్యయనాలు వచ్చాయి. దిగులు ముందా, తిండి మార్పు ముందా అన్నది కూడా వాటిలో తేలడం కష్టం. కాబట్టి మీ ప్రశాంతతను మాంసంలోని ఏదో రసాయనానికి ముడిపెట్టనవసరం లేదు. దానికి ఇంకా దగ్గరి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మీరు ఒక ప్రాణి చావు చూశారు, అది మీకు భరించరానిదిగా అనిపించింది, మీరు మానేశారు. మనసు చెప్పిందీ చెయ్యి చేసిందీ ఒకటయ్యాయి. అందులో వచ్చే తేలిక చాలా పెద్దది.

జంతువుల్ని ప్రేమిస్తూ వాటినే తినడంలో మనిషికి లోలోపల ఒక పెనుగులాట ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. 2010లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో కొందరికి ఎండబెట్టిన గొడ్డుమాంసం, కొందరికి జీడిపప్పు తినిపించి, ఏయే జంతువుల పట్ల మనకు దయ ఉండాలో చెప్పమన్నారు. అప్పుడే మాంసం తిన్నవారు దయకు తగిన జంతువుల సంఖ్యను తగ్గించి చెప్పారు. తిన్నదానికి తగ్గట్టు మనసు తన దయను కుదించుకుంటుందన్నమాట. ఆ కుదింపు పని ఇక అక్కర్లేదు కాబట్టి మీకు బరువు దిగినట్టుంది. ఇది నా అభిప్రాయం, కానీ నా అనుభవమూ ఇదే.

అయితే "కోపం తగ్గింది" అన్నచోట కొంచెం నిదానించండి. కోపం రెండు కారణాలతో తగ్గుతుంది. మనసు నెమ్మదిస్తే తగ్గుతుంది. ఓపిక లేకపోయినా తగ్గుతుంది, ఎందుకంటే కోప్పడటానికి కూడా శక్తి కావాలి. తేడా తెలుసుకోవడానికి నేను ఒకటే చూస్తాను. నెమ్మదించిన మనిషికి పాటలో, పిల్లల మాటల్లో, చేసే పనిలో ఇష్టం పెరుగుతుంది. నీరసించిన మనిషికి అన్నిటి మీదా ఇష్టం తగ్గుతుంది. మొదటి నెలల్లో మీ కోపం తగ్గింది మొదటి రకంగా అయి ఉండవచ్చు. ఈ రెండు నెలలుగా ఎలా ఉందో మీరే చూసుకోండి. దేని మీదా ఆసక్తి లేకపోవడాన్ని వైరాగ్యం అనుకోకండి. ఇనుము తగ్గినా, బి12 తగ్గినా, థైరాయిడ్ తగ్గినా మనసు అలాగే మూగబోతుంది. అది పరీక్షలో దొరికే సంగతి, మందుతో తిరిగొచ్చే ఉత్సాహం. రెండు వారాలకు మించి దిగులుగా ఉంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి.

ఈ ఏడు నెలల్లో మాంసంతోపాటు ఇంకేమైనా మారాయేమో కూడా గుర్తు చేసుకోండి. రాత్రి ఆలస్యంగా తినే భారీ భోజనం తగ్గిందా, నిద్ర పెరిగిందా, నడక మొదలైందా, బయటి తిండి తగ్గిందా. చాలామందిలో ఇవన్నీ కలిసే మారతాయి, పేరు మాత్రం ఒక్క మార్పుకే వస్తుంది. ఒక నోటు పుస్తకంలో రోజూ మూడు ముక్కలు రాయండి: ఏం తిన్నారు, ఎంతసేపు నిద్రపోయారు, మెట్లెక్కితే ఎలా ఉంది. నెల తర్వాత తిరగేస్తే మీకే ఎన్నో కనిపిస్తాయి. జ్ఞాపకం మనకు నచ్చినవే దాచిపెడుతుంది.

వాసన మాటకొస్తే, అందులో వింత లేదు. నైతిక కారణంతో మాంసం మానేసినవారికి ఆరోగ్యం కోసం మానేసినవారికన్నా మాంసం మీద ఏవగింపు ఎక్కువగా ఉంటుందని పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1997లో రాశారు. మీకు జరిగింది అదే. ఇది ఒంటి జబ్బు కాదు. అయితే ఆ ఏవగింపు పక్కన కూర్చుని తినేవారి మీదికి మళ్ళకుండా చూసుకోండి. ఒకప్పుడు మనమూ అదే కంచంలో తిన్నాం.

మళ్ళీ తింటే అరగదన్నది నిజం కాదు. మాంసంలోని మాంసకృత్తుల్ని అరిగించే ఎంజైములూ పప్పుల్లోని మాంసకృత్తుల్ని అరిగించేవీ అవే. అవి ఎక్కడికీ పోవు. చాలాకాలం తర్వాత ఒక్కసారిగా కొవ్వున్న మాంసం ఎక్కువగా తింటే కడుపు బరువుగా ఉండవచ్చు, అంతే. మళ్ళీ తినాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ మనస్సాక్షి. ఒంటి కోసమైతే తప్పనిసరేం కాదు. పెద్దవారు శాకాహారంతో నిండుగా బతకవచ్చు, ఏం తింటున్నామో తెలిసి తినాలి, అంతే. బ్రిటన్‌లో 1990లలో మొదలైన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అనే పెద్ద పరిశీలనలో వేలమందిని ఏళ్ళ తరబడి గమనించారు. 2019లో వచ్చిన దాని ఫలితాల్లో శాకాహారుల్లో గుండెజబ్బు తక్కువగా కనిపించింది, పక్షవాతం కొంచెం ఎక్కువగా కనిపించింది. మరుసటి ఏడు వచ్చిన ఫలితాల్లో, పాలు కూడా ముట్టనివారిలో ఎముకలు విరగడం ఎక్కువని తేలింది. మీరు పాలు, పెరుగు మానకండి.

మీ కంచం గురించి నాకున్న అనుమానం ఒక్కటే. మాంసం తీసేసిన ఖాళీలో పిండిపదార్థమే నింపారేమో. చాలామంది ఇదే చేస్తారు, మధ్యాహ్నం తలనొప్పికి, డీలా పడటానికి అదీ ఒక కారణం కావచ్చు. ఆ ఖాళీలో పప్పులు, శనగలు, రాజ్మా, సోయా, వేరుశనగలు, నువ్వులు, పెరుగు ఉండాలి, ప్రతి పూటా ఏదో ఒకటి. మీకు అభ్యంతరం లేకపోతే గుడ్డు "ఎప్పుడైనా ఒకటి" కాకుండా తరచుగా తినండి. కిలో బరువుకు 0.8 గ్రాముల మాంసకృత్తులు కనీసం కావాలి. 55 కిలోల మనిషికి 44 గ్రాములు. ఒక రోజు తిన్నదంతా రాసి లెక్క కట్టి చూడండి. చేపలు మానేశారు కాబట్టి ఒమేగా-3 అనే మంచి కొవ్వు కొంతైనా అందేలా రోజూ ఒక చెంచా అవిసె గింజల పొడి వేసుకోండి. గింజలు అలాగే మింగితే అరగకుండా పోతాయి, పొడి కొట్టాలి.

రిపోర్టు రాగానే నాలుగు అంకెలు నాకు రాసి పంపండి: హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బి12, థైరాయిడ్ పరీక్షలో వచ్చే టీఎస్‌హెచ్. వాటితోపాటు, ఇప్పటి నుంచి భోజనానికీ టీకీ మధ్య ఎంత ఎడం ఉంచగలుగుతున్నారో కూడా రాయండి.